మూత లోపలి బొట్లు

"బిడ్డా, ఒక్కటే మాట. నేను బాంబు మీద కూసోని భద్రాచలం రాను."

దేవ్‌సింగ్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ ముందు ఆగి తేల్చి చెప్పాడు. డిక్కీలో గ్యాస్ ట్యాంకు ఉంది. కారు పాత అంబాసిడర్. దాన్ని తన చేతుల్తోనే విప్పి, బిగించి, మళ్లీ విప్పి దారికి తెచ్చుకున్నవాడు తండాలోనే మెకానిక్ షెడ్డు ఉన్న హాతీరాం.

"బాంబు కాదు మామా, గ్యాస్ కిట్టు," అన్నాడతను ఓపిగ్గా. "విజయవాడల బిగిపిచ్చిన. దానికి వాల్వు ఉంటది. ఇంట్ల అత్తమ్మ రోజూ గ్యాస్ మీద చాయ్ పెడ్తలేదా?"

"చాయ్ పొయ్యి మీద పెడ్తది. పొయ్యి మీద కూసోదు."

దేవ్‌సింగ్ కూతురు లాలి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నిజానికి నవ్వే సమయం కాదది. ఇవాళ మధ్యాహ్నం భద్రాచలంలో ఆమెకు టీచర్ పోస్టుల కౌన్సెలింగ్ ఉంది. పేరు పిలిచినప్పుడు లేకపోతే మంచి ఊళ్లు ఎవరో ఎగరేసుకుపోతారు. దసరా వెళ్లి రెండు రోజులే అయింది. బస్సులన్నీ ఫుట్‌బోర్డు దాకా నిండి, జూలూరుపాడు దాటాక వీళ్ల తండా దగ్గర ఆగకుండా పోతున్నాయి.

"బాపూ, ఇంకో బస్సు పాయె," అంది లాలి.

దేవ్‌సింగ్ గొడుగు చంకన పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. పక్కన లాలి.

లాలికి ఈ ప్రయాణం కౌన్సెలింగ్ కంటే పెద్ద పరీక్ష. ఎండాకాలంలో ఆమె మొదటిసారి ఈ కారెక్కినప్పుడు అది ఏన్కూరు దాటగానే ఆగిపోయింది. "ఇది కారా, కట్టెల మోపా?" అని లాలి కసిరితే, "దిగి తోస్తే కారు, కూసుంటే కట్టెల మోపు," అన్నాడు హాతీరాం. ఆమె దిగి తోసింది. తోస్తూ తిట్టింది. ఆ తర్వాత కనబడినప్పుడల్లా ఏదో ఒక తగువే. తగువు లేని రోజు అన్నం సయించకపోయేసరికి ఇద్దరికీ సంగతి అర్థమైంది.

మొన్నామధ్య హాతీరాం తల్లి పెళ్లి మాట కదిపి చూసింది. దేవ్‌సింగ్ ఒక్క ముక్కలో తీసిపారేశాడు. "సొంత బండిని సక్కగ నడుపుకోలేనోడు సంసారమేం నడుపుతడు?" ఆ గడప తొక్కొద్దని కూతురికీ చెప్పాడు. అందుకే దసరా నాడు లాలి స్నేహితురాలు రూప్లి ఇంటికి పోతున్నానని చెప్పి బయల్దేరింది. అసలు ఎక్కడికి పోయిందో హాతీరాం తల్లికీ, అతని షెడ్డులోని పానాలకీ మాత్రమే తెలుసు.

ఇవాళ కారు ఆగకుండా పోతే, తిరిగొచ్చేటప్పుడు నాన్నతో పెళ్లి మాట తనే ఎత్తాలని లాలి గట్టిగా అనుకుంది.

కారు మొదటి తాళానికే స్టార్టయింది. కొంతదూరం పోయాక హాతీరాం ఒక స్విచ్ తిప్పాడు.

"ఏందది?" అన్నాడు దేవ్‌సింగ్ ఉలిక్కిపడి.

"ముందు పెట్రోల్ మీద లేపాలె మామా. ఇంజిన్ వేడెక్కినంక, లోపలున్న పెట్రోల్ అయిపోనిచ్చి గ్యాస్ మీదికి మలపాలె. రెండూ ఒక్కసారి ఇస్తే ముక్కి ఆగుతది."

"ఎడ్లకు ఇంత తతంగం లేదు."

హాతీరాం అద్దంలో లాలి వైపు చూశాడు. లాలి కిటికీ వైపు తల తిప్పుకుంది గానీ పెదవుల మీద నవ్వు ఆగలేదు.

"పిలగా, ముందు సూడు. అద్దంల ఏమున్నది?"

"ఎనక లారీ మామా."

దేవ్‌సింగ్ వెనక్కి తిరిగి చూశాడు. లారీ కాదు కదా, సైకిల్ కూడా లేదు.

కొత్తగూడెం దాటింది. పాల్వంచ దాటింది. పెద్దమ్మ గుడి దగ్గర ముగ్గురూ కార్లోంచే దండం పెట్టుకున్నారు. దేవ్‌సింగ్ మొహం కొంచెం తేటపడింది. అప్పుడే అడవి మీద వాన దిగింది. టేకు ఆకుల మీద చప్పుడు చేస్తూ వచ్చి రోడ్డుని ముంచేసింది. ఒక గుంటలో చక్రం దిగి నీళ్లు బానెట్ దాకా చిమ్మాయి. ఇంజిన్ దగ్గింది, ఎగిరెగిరిపడింది, ఆగిపోయింది.

"చెప్పిన గద! గ్యాస్!" అని దేవ్‌సింగ్ తలుపు తీసుకుని రోడ్డు మీదికి దూకాడు.

హాతీరాం ముందు ట్యాంకు వాల్వు కట్టేసి వచ్చాడు. పెట్రోల్ మీద స్టార్ట్ చేసి చూశాడు. లేవలేదు.

"పెట్రోల్ మీద గూడ లేస్తలేదు. అంటే తప్పు గ్యాస్‌ది కాదు మామా, కరెంటుది. జర గొడుగు పట్టు. లాలీ, నేను చెప్పినప్పుడు సెల్ఫ్ కొట్టు."

లాలి ముందు సీట్లోకి జరిగి తాళం తిప్పింది. ప్లగ్గు వైరు కొనకి నిప్పురవ్వ రావట్లేదు. రవ్వకి కరెంటిచ్చే కాయిల్ నుంచి వచ్చే వైరుని చూశాడు. టక్కుమని నీలం రవ్వ పడింది. అంటే కరెంటు మధ్యలో ఎక్కడో జారిపోతోంది. మధ్యలో ఉన్నది డిస్ట్రిబ్యూటర్, నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచే బుడ్డి. దాని క్లిప్పులు విప్పి, మూత తిప్పి చూశాడు. చటుక్కున అరచేత్తో మూసేశాడు.

"దొరికిందా?" అన్నాడు గొడుగు పట్టుకున్న దేవ్‌సింగ్.

"నీళ్లు దిగినయ్ మామా. మూత నేనే సరిగ బిగియ్యలె. తప్పు నాదే."

లాలి కారు దిగి వచ్చింది. అతని బొటనవేలికి ఎర్రగా అంటింది చూసింది. అది తను పెట్టిన కుంకుమే.

దసరా నాడు షెడ్డులో ఆయుధపూజకి గోనెసంచి మీద పానాలు, ప్లగ్గులు, కారులోంచి విప్పిన ఈ మూత అన్నీ పరిచి ఉన్నాయి. "అన్నిటికీ బొట్లు పెట్టు బిడ్డా," అంది హాతీరాం తల్లి. లాలి భక్తిగా అన్నిటికీ పెట్టింది. మూత బోర్లిస్తే లోపల నాలుగు ఇత్తడి మొనలు, మధ్యలో ఒకటి కనబడ్డాయి. వాటిని మాత్రం ఎందుకు వదలాలని, తడి గంధం, పైన కుంకుమ, ఐదింటికీ ముద్దుగా పెట్టింది. పొడిగా ఉన్నన్నాళ్లూ బొట్లు ఊరుకున్నాయి. వాన తడి తగిలాక కరెంటుకి దొంగదారి చూపించాయి.

"గందుకే వద్దన్న!" దేవ్‌సింగ్ గొంతు లేచింది. "మూత బిగిచ్చుడు రాదు గానీ గ్యాస్ కారు నడుపుతడంట! బిడ్డ నౌకరీ పాయె. నీ అసొంటోన్ని నమ్మినందుకు నా చెప్పుతో నేను కొట్టుకోవాలె."

హాతీరాం తల దించుకున్నాడు.

"బాపూ, ఆపు," అంది లాలి. హాతీరాం వద్దన్నట్టు తలూపాడు. ఆమె అతని చేతిలోంచి మూత లాక్కుని తండ్రి ముందు పెట్టింది. "ఈ బొట్లు నేను పెట్టిన. దసరా నాడు. రూప్లి ఇంట్ల లేను. అబద్ధమాడిన."

దేవ్‌సింగ్ మూతలోకి చూశాడు. కరిగిన గంధం మధ్య ఐదు ఎర్ర బొట్లు.

"బండి యాడ ఆగొద్దని మొక్కుకుంట పెట్టిన. నువ్వు కాదనొద్దని మొక్కుకుంట పెట్టిన. నాకు ఈయన అంటే ఇష్టం బాపూ."

గొడుగు ఒక పక్కకి ఒరిగి దేవ్‌సింగ్ భుజం తడుస్తోంది.

"బిగిచ్చేటప్పుడు నువ్వు సూడలేదార?" అని హాతీరాంని అడిగాడు.

"ఆమె ముందల నిలబడ్డది మామా. మూత లోపలికి సూడలె."

"మరి తప్పు నీ నెత్తిన ఎందుకేసుకున్నవ్?"

"ఆమెను తిడ్తవని."

హాతీరాం జేబులోంచి గుడ్డ తీశాడు. అది పిండితే నీళ్లు కారేలా ఉంది. చుట్టూ చూశాడు. దేవ్‌సింగ్ గొడుగు కూతురి చేతికిచ్చి, చొక్కా లోపల దాచుకున్న పండగ తువ్వాల తీశాడు. ఇంకా మడత విప్పని కొత్తది.

"ఇగో. పొడిగున్నది. తుడువు. జల్దీ."

మూత ఆరింది. సెల్ఫ్ కొట్టగానే కారు లేచింది. సారపాక దాటి వంతెన ఎక్కేసరికి వాన వెలిసింది. కింద గోదావరి ఎర్రగా పారుతోంది. లాలి ఆఫీసు మెట్లెక్కుతుంటేనే లోపల ఆమె పేరు పిలిచారు.

అడిగిన స్కూలే దొరికింది. ఆ సంగతి చెబుదామని పరుగున బయటికొస్తే కారు బానెట్ ఎత్తి ఉంది. మళ్లీ ఆగిపోయిందేమో అనుకుంది లాలి. దగ్గరికెళ్తే ఇద్దరూ ఇంజిన్‌లోకి తలలు పెట్టి ఉన్నారు.

"ఇది కాయిలు. ఇది ఆ పంచే బుడ్డి. ఇక మూత దియ్యకు, నాకు సమజైంది," అంటున్నాడు దేవ్‌సింగ్. కూతుర్ని చూసి నిటారుగా నిలబడ్డాడు. ఆమె లోపలున్నప్పుడు రాములవారి గుడి దగ్గర కొన్న కుంకుమ పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

"దాసిపెట్టుకో బిడ్డా. వచ్చే దసరాకు గూడ ఈ కారుకు నువ్వే పెట్టాలె, మీ ఇంటికాడ. గానీ మూత బయట పెట్టు."