కడుపులో దాచిన మాట

"నువ్వే చెప్పావమ్మా! నువ్వు తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు... నువ్వే చెప్పావు!"

బట్టలు మడత పెట్టకుండానే సంచీలో కుక్కుతోంది సిన్నె. ఏడ్చి ఏడ్చి పదహారేళ్ళ ఆ మొహం కందిపోయింది. గుమ్మంలో నిలబడ్డ యోరున్‌ గదిలోకి వచ్చింది. కూతురి చెయ్యి పట్టుకోబోతే, నిప్పు తగిలినట్టు విదిలించుకుంది పిల్ల.

"నేను చెప్పలేదురా తల్లీ... నీ మీద ఒట్టు!"

"నా మీద ఒట్టెయ్యకు! మొన్న కూడా వేశావు!"

నిజమే. నాలుగు రోజుల క్రితం, మంగళవారం బడి నుంచి రాగానే, వంటింట్లో క్యారెట్లు తరుగుతున్న తల్లి పక్కన చేరి కూర్చుంది సిన్నె. చాలాసేపు నేల చూపులు చూసి, చివరికి బయటపెట్టింది. మూడు నెలలుగా ఉన్నట్టుండి ఊపిరి ఆడడం లేదట... చేతులు తిమ్మిరెక్కి, చచ్చిపోతానేమోనని భయం వేస్తోందట. బళ్ళో నర్సు దగ్గరికి ప్రతి గురువారం వెళ్ళి మాట్లాడుతోందట. "నాన్నకు చెప్పకమ్మా. నా హ్యాండ్‌బాల్ ఆట చూసి ఎంత మురిసిపోతాడో తెలుసుగా. అసలే సముద్రం మీద ఉన్నాడు" అంది. యోరున్ బిడ్డను గుండెకు అదుముకుంది. "నా కడుపులో పడ్డ మాట బయటికి రాదు. నీ మీద ఒట్టు" అంది.

ఆ ఒట్టు తీసి గట్టున పెట్టినట్టయింది! రెండు రోజులు తిరక్కుండానే, నడిసముద్రంలోని చమురు బావి మీద నుంచి తండ్రి ఎస్కిల్ ఫోన్లు మొదలుపెట్టాడు. ముందు హెడ్‌మాస్టరుకి, తర్వాత ఆట నేర్పే కోచ్‌కి. ఆ కోచ్ జట్టు మొత్తం ముందు, "సిన్నె, మీ నాన్న ఫోన్ చేశాడు. నీ మనసు కుదుటపడేదాకా ఆడించొద్దన్నాడు" అనేశాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ సాయంత్రానికల్లా కార్మోయ్ దీవిలో ఆ మాట తెలియని పిల్ల లేదు.

"నాయనమ్మ దగ్గరికి వెళ్తున్నా. వెనకే రాకు!" అని సైకిలెక్కి వెళ్ళిపోయింది సిన్నె. వెళ్తున్న పిల్ల వంక చూస్తూ మెట్ల మీదే కూలబడింది యోరున్.

ఎస్కిల్‌కి ఫోన్ చేసింది. రెండు వారాలు బావి మీద, నాలుగు వారాలు ఇంట్లో... పద్దెనిమిదేళ్ళ కాపురమంతా అలాగే గడిచింది.

"నీకెవరు చెప్పారు ఎస్కిల్?"

"అదేం ప్రశ్న? నువ్వే కదా చెప్పావు, బుధవారం ఫోన్లో. మర్చిపోయావా?"

"నేనా? నేను చెప్పలేదే!"

"ఈ మధ్య నీకు మతిమరుపు ఎక్కువైంది యోరున్. మొన్న కారు తాళాలు కూడా అలాగే పోగొట్టుకున్నావుగా" అన్నాడు, జాలిగా.

ఆ జాలే ఆమె కాళ్ళ కింద నేలను లాగేసింది. నిజంగానే చెప్పానా? ఏదో ధ్యాసలో నోరు జారానా? దంతవైద్యుడి దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, సోమవారం ఆయన ఒక పనిముట్టు అడిగితే ఇంకొకటి అందించింది. కన్నకూతురికి ద్రోహం చేసి, ఆ ద్రోహాన్ని కూడా మరిచిపోయానా అని తనను తానే తిట్టుకుంది! సాయంత్రం ఇంటికొచ్చి, సిన్నె గదిలో మంచం మీద పడి, పిల్ల స్వెట్టర్‌లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మరునాడు పనికి సెలవు పెట్టింది. మధ్యాహ్నం మళ్ళీ ఎస్కిల్ ఫోన్.

"నిన్న అరగంట సేపు సిన్నె గదిలో మంచం మీద పడి ఉంటే పిల్ల తిరిగొస్తుందా? లేచి నీ పని చూసుకో" అన్నాడు.

యోరున్ చప్పున లేచి నిలబడింది. నిన్న తెరలు వేసి ఉన్నాయి. ఇంట్లో నరపురుగు లేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు! ఏడాదిగా అతను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి... "ఇవాళ ఆలస్యంగా లేచావేం?"... "నిన్న అంతసేపు వరండాలో ఎవరితో?"... దూరాన ఉన్నా తన మీదే ధ్యాస అనుకుని మురిసిపోయింది పిచ్చిది!

ఫోన్ బల్ల మీదే వదిలేసి, కోటు తగిలించుకుని, ఎదురుగాలిలో అత్తగారింటికి నడిచింది.

బోర్గిల్డ్‌కి డెబ్బై ఏడేళ్ళు. వయసులో ఉన్నప్పుడు ముప్పై ఏళ్ళు తీర రేడియో కేంద్రంలో పనిచేసింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఓడల మీద మగవాళ్ళకీ ఇళ్ళల్లో ఆడవాళ్ళకీ మాటలు కలిపేది. సిన్నె ఇంకా బడి నుంచి రాలేదు. కోడలు చెప్పిందంతా మధ్యలో అడ్డు తగలకుండా విని, కళ్ళజోడు సంచీలో వేసుకుని లేచింది. "పద" అంది అంతే.

కొడుకింట్లో అడుగు పెట్టగానే పెదాల మీద వేలు పెట్టింది. గది గదికీ తిరిగింది. గది గదికీ గోడ మూల అరచేతిలో పట్టేంత తెల్లటి డబ్బా. పోయిన శరత్కాలంలో ఎస్కిల్ బిగించాడు, ఇంటర్నెట్ ఇల్లంతా బాగా వస్తుందని. వంటింట్లో పాటలు పాడే గుండ్రటి స్పీకరు. బోర్గిల్డ్ ఒక డబ్బాను తిరగేసి, దాని మీద రాసినవన్నీ చదివి, కోడల్ని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది.

"అమ్మాయ్, రేడియో అలకు మనిషి ఒళ్ళు అడ్డం పడితే అల చెదురుతుంది. మా కాలంలో కొండ అడ్డం వస్తే ఓడ గొంతు సన్నబడేది. దాన్ని బట్టే ఓడ ఎక్కడుందో పోల్చుకునేవాళ్ళం. ఈ డబ్బాలు చేసేది అదే. ఏ గదిలో ఎవరు కదిలారు, ఎంతసేపు పడుకున్నారు... అన్నీ వాడి ఫోనుకు చేరతాయి."

"కెమెరా లేకుండానా అత్తయ్యా?"

"కెమెరా ఎందుకే? గోడ కూడా అడ్డం కాదు. ఇక ఆ స్పీకరు ఉందే, దానికి చెవి ఉంది. వాడక్కడ మీట నొక్కితే ఇక్కడ నీ వంటింట్లో కూర్చున్నట్టే."

గోడలకు చెవులుంటాయని అంటారు. తన ఇంట్లో గోడలకు కళ్ళు కూడా మొలిచాయి! యోరున్ కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఈసారి అది దుఃఖం కాదు. తను చెప్పలేదు! తనకు మతి పోలేదు! తన మాట తన కడుపులోనే భద్రంగా ఉంది!

"నన్ను చూస్తే చూశాడు... నా బిడ్డ ముందు నన్ను అబద్ధాలకోరును చేశాడే! నా బుద్ధినే నేను శంకించుకునేలా చేశాడే అత్తయ్యా!"

బోర్గిల్డ్ కళ్ళు తుడుచుకుంది. "నా కడుపున పుట్టినవాడే. ఏ మొహం పెట్టుకుని నిన్ను ఓదార్చను? ఇప్పుడే వెళ్ళి సిన్నెకు నిజం చెప్పేస్తాను, ఉండు."

"వద్దు!" అంది యోరున్. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మనం చెబితే నన్ను వెనకేసుకొస్తున్నారనుకుంటుంది. ఏ నోట అబద్ధం వచ్చిందో ఆ నోటే నిజం రావాలి. ఆయనొచ్చేదాకా నా కూతురు నన్ను అసహ్యించుకున్నా సరే... ఓర్చుకుంటాను."

లోపలికి వెళ్ళి ఒక్కొక్క డబ్బా గోడ నుంచి పీకేసింది. చివరిది పీకిన రెండో నిమిషంలో ఫోన్ మోగింది.

"ఏమైంది యోరున్? కరెంటు పోయిందా?"

"కరెంటు పోలేదు. నువ్వు రా. మాట్లాడదాం" అని పెట్టేసింది.

ఆ అయిదు రోజులు ఆమె పడ్డ నరకం ఆ దేవుడికే తెలియాలి! కిరాణా కొట్టు దగ్గర సిన్నె ఎదురుపడి మొహం తిప్పుకుని పోయింది. పరుగెత్తి వెళ్ళి అంతా చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఎస్కిల్ వచ్చేసరికి బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. దాని మీద వరసగా అయిదు డబ్బాలు, స్పీకరు. ఒక పక్క యోరున్, ఇంకో పక్క బోర్గిల్డ్. నాయనమ్మ బలవంతాన తీసుకొచ్చిన సిన్నె కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

ఎస్కిల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదంతా ఏమిటి? పంచాయితీయా?"

"కూర్చో" అంది యోరున్. "సిన్నె రహస్యం నీకెలా తెలిసిందో చెప్పు."

"చెప్పానుగా, నువ్వే..."

"ఎస్కిల్!" బల్ల మీద అరచేత్తో చరిచింది. "ఇంకొక్కసారి ఆ మాటంటే ఈ ఇంట్లో నీకు చోటు లేదు. నీ కూతురు వింటోంది. నిజం చెప్పు!"

పద్దెనిమిదేళ్ళలో ఆమె గొంతు అంత లేవడం అతనెప్పుడూ వినలేదు. తల్లి వంక చూశాడు. అక్కడా ఆసరా దొరకలేదు.

"మీ కోసమే చేశాను!" అని అరిచాడు. "సిన్నె నాలుగేళ్ళప్పుడు రేవులో నీళ్ళల్లో పడిపోయిందే, గుర్తుందా? మూడు రోజుల తర్వాత చెప్పారు నాకు! నేను కంగారు పడతానట! నా బిడ్డ చావు అంచుల దాకా వెళ్ళొస్తే, నేనక్కడ పేకాడుకుంటున్నాను! అప్పట్నుంచీ... అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు యోరున్..."

యోరున్ కళ్ళు చెమర్చాయి. "అది నా తప్పే. అప్పుడే చెప్పాల్సింది. ఆ బాధ నాతో పంచుకోవాల్సింది నువ్వు. దాన్ని తీసుకెళ్ళి గోడలకు బిగించావు."

అప్పుడు బోర్గిల్డ్ లేచింది.

"ఒరేయ్, ముప్పై ఏళ్ళు ఈ చెవులతో ఎన్ని సంసారాలు విన్నానో తెలుసా? భార్యతో దెబ్బలాడినవాళ్ళు, బిడ్డ పోయిందని విని గుండె పగిలి ఏడ్చినవాళ్ళు... వాళ్ళందరూ ఈ ఊళ్ళో నా ఎదురుగానే తిరిగారు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నా పెదవి దాటలేదు. మీ నాన్నకు కూడా చెప్పలేదు. వినడం నా ఉద్యోగం కనుక విన్నాను. నువ్వు దొంగతనంగా విన్నావు. విని ఊరంతా చాటావు. చాటి, ఆ నింద పెళ్ళాం నెత్తిన రుద్దావు! నిన్ను కన్నందుకు ఈ రోజు తలదించుకున్నానురా!"

ఎస్కిల్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తర్వాత తలెత్తి, కూతురి వైపు తిరిగాడు.

"సిన్నె... అమ్మ చెప్పలేదు. నేనే... ఈ స్పీకరులోంచి విన్నాను. అమ్మ నీ మాట ఎవరికీ చెప్పలేదు తల్లీ."

సిన్నె కిటికీ దగ్గర నుంచి కదిలింది. తండ్రిని దాటి, బల్లను దాటి, వచ్చి తల్లి ఒళ్ళో పడిపోయింది.

"అమ్మా... నీకు ముందే తెలుసా? తెలిసీ నాకెందుకు చెప్పలేదమ్మా? నేనన్ని మాటలన్నానే! మొన్న కొట్టు దగ్గర..."

"అన్నావులే పిచ్చి పిల్లా! నువ్వు కాకపోతే నన్నెవరంటారు?" అని నవ్వుతూ ఏడ్చింది యోరున్. ఆమె గుండె మీద నిన్నటిదాకా ఉన్న కొండ దిగిపోయింది!

తర్వాత భర్తతో నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది. "ఇవాళ్టి నుంచి నువ్వు అత్తయ్య దగ్గర ఉంటావు. కుటుంబ సలహా కేంద్రానికి ఇద్దరం కలిసి వెళ్దాం. బడికీ కోచ్‌కీ నువ్వే వెళ్ళి తప్పు ఒప్పుకో. ఆ తర్వాత నిన్ను ఇంట్లోకి రమ్మనాలో వద్దో నేనూ సిన్నె ఆలోచించుకుంటాం."

ఎస్కిల్ తలూపాడు. సంచీ మళ్ళీ భుజాన వేసుకుని తల్లి వెనక నడిచాడు.

అన్నీ చేశాడు. జట్టు పిల్లలందరి ముందు నిలబడి, సిగ్గుతో చచ్చిపోతూ క్షమాపణ చెప్పాడు. సిన్నె మళ్ళీ ఆడింది. భయం వచ్చిన రోజు తనే చెయ్యెత్తి బయట కూర్చుని, తగ్గాక మళ్ళీ లోపలికి దూకేది. ఇంట్లో డబ్బాల సంగతి చెవిన పడి చమురు బావుల మీద పనిచేసేవాళ్ళ భార్యలు నలుగురు యోరున్‌ని పిలిపించారు. ఊరి సమావేశ మందిరంలో పాతికమంది ఆడవాళ్ళ ముందు, వణికే గొంతుతో మొదలుపెట్టి వణుకు లేకుండా ముగించింది. కూర్చున్నవాళ్ళలో ఒకామె లేచి, "మా ఇంట్లోనూ ఉన్నాయి. ఈ పూటే పీకేస్తా!" అంది. ఆమె వెనక ఇంకో ఆరుగురు లేచారు!

ఏడు నెలలకు, తల్లీ కూతుళ్ళు ఇద్దరూ సరేనన్నాకే, ఎస్కిల్ ఇంటికొచ్చాడు.

వచ్చిన మొదటి ఆదివారం గళ్ళగళ్ళ తియ్యటి అట్లు, వాఫెల్స్‌కి పిండి కలుపుతున్నాడు. మేడ మీద సిన్నె తలుపు వేసుకుని ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ పకపకా నవ్వుతోంది. ఎస్కిల్ గరిటె ఆగింది.

"ఎవరితో..." అని, నాలుక కరుచుకున్నాడు.

"నాకూ తెలియదు!" అంది యోరున్. ఒక రాజ్యం గెలిచినంత గర్వం ఉంది ఆ మాటలో.

ఎస్కిల్ ఆమెను చూశాడు. మెల్లగా అతని మొహం మీదకీ నవ్వు వచ్చింది.

"అయితే పిండి ఇంకాస్త ఎక్కువ కలుపుతాను" అన్నాడు. "ఆ ఎవరో ఇవాళ తినడానికి వస్తారేమో!"