వాకిట్లో మిషను

పొద్దున్నే ఆయన కుట్టుమిషనుకి నూనె వేశాడు. భార్య పోయాక దాని మీద కుట్టినవాళ్లు లేరు. అయినా వేస్తూనే ఉన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. 

నిన్నటిదాకా మిషను వాకిట్లో ఉండేది. కొడుకు నిన్న దాన్ని లోపలి గదిలోకి ఈడ్చాడు. వాకిట్లో గచ్చు మీద దాని కాళ్లు చేసిన గుంటలు మిగిలాయి.

మిషన్లు బాగుచేయడం ఆయన పని. భార్య బట్టలు కుట్టేది. పక్షవాతం వచ్చి ఆమె ఎడమ చెయ్యి పడిపోయినప్పుడు, బట్టను ఎడమవైపు అదిమిపట్టే చిన్న చక్రం ఒకటి చేసి మిషనుకి బిగించాడు. మోకాలితో నెడితే లేస్తుంది, వదిలితే దిగుతుంది. దానికి పేటెంటు తెస్తానని కొడుకు ఉన్న ఉద్యోగం మానేశాడు. మిషన్ల కంపెనీ ఒకటి, పేటెంటు ఉంటేనే బేరం మాట్లాడతామని చెప్పిందట.

"నాన్నా, పేటెంటు ఏజెంటుగారు వచ్చే వేళైంది. చొక్కా మార్చుకో."

"పేటెంటు చక్రానికా, చొక్కాకా?"

కోడలు నవ్వాపుకుని టీ గ్లాసు అందించింది. కొడుకు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. ఈ చక్రాన్ని బయటివాళ్లెవరూ చూడలేదు. అమ్మ ఈ గదిలోనే కూర్చుని కుట్టుకునేది. అంతే. మిగతాది నేను చూసుకుంటా."

ఆయన టీ తాగాడు. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు.

పేటెంటు దరఖాస్తులు రాసిపెట్టే ఆ ఏజెంటు ఆడమనిషి, వయసులో ఆయన కొడుకు ఈడుదే. వస్తూనే మిషను ముందు కూర్చుని మోకాలితో చక్రాన్ని లేపి చూసింది, దింపి చూసింది.

"పేటెంటు ఆఫీసులో మూడు సంగతులు చూస్తారు బాబాయిగారూ. తయారుచేసి వాడుకోవడానికి పనికొస్తుందా అన్నది ఒకటి. దానికి ఢోకా లేదు. రెండోది, మీ పని తెలిసినవాళ్లెవరికైనా ఇది ఇట్టే తట్టేస్తుందా?"

"నాకు తట్టడానికి ఒక వానాకాలం పట్టింది. అన్నాళ్లూ మా ఆవిడ తిడుతూనే ఉంది."

"ఏమని?"

"ఈ చక్రం పట్టుకుంటే వదలదు, అచ్చం నీలాగే అని."

ఆవిడ నవ్వింది. "ఇక మూడోదే అసలుది. కొత్తదై ఉండాలి. ఇంకెవరూ చేసి ఉండకపోవడం ఒక్కటే చాలదు. దరఖాస్తు పెట్టకముందు మీరు కూడా నలుగురిలో వాడి ఉండకూడదు. నలుగురూ చూసేశాక అది కొత్తది కాదు."

"ఇల్లు దాటలేదండీ," అన్నాడు కొడుకు. "అమ్మ ఇక్కడే కుట్టేది. ఏం నాన్నా?"

ఆయన తలుపులోంచి వాకిట్లో గుంటలకేసి చూశాడు.

"లేదు. వాకిట్లో కూర్చునేది."

"నాన్నా."

"వీధిలోకి మొహం పెట్టుకుని కూర్చునేది. బడికెళ్లే పిల్లలు నిలబడి చూసేవాళ్లు. పక్కవీధి టైలరమ్మ అడిగితే నాచేత అలాంటిదే చేయించి ఇచ్చింది. పోయేదాకా అంతే."

ఆవిడ కలం మూసింది.

"అయితే కుదరదు బాబాయిగారూ. ఈ సంగతి దాచి పేటెంటు తెచ్చుకున్నా, రేపు ఆ టైలరమ్మ నోరు విప్పితే రద్దు చేసేస్తారు."

ఆవిడ వెళ్లిపోయింది.

"ఒక్క అబద్ధం," అన్నాడు కొడుకు. "నీ నోరేమైనా అరిగిపోయేదా? ఉద్యోగం మానుకుని కూర్చున్నాను నేను."

"మానమని నేను చెప్పానా?"

"పోయిన మనిషి వాకిట్లో కూర్చుందో గదిలో కూర్చుందో ఇప్పుడెవరికి కావాలి?"

"పక్షవాతంతో మీ అమ్మకి మూతి వంకరపోయినప్పుడు నువ్వేమన్నావు?"

కొడుకు తల తిప్పుకున్నాడు.

"నా స్నేహితులు వస్తుంటారు, లోపల కూర్చోమ్మా అన్నావు. ఆవిడ నిన్నొక్క మాట అనలేదు. మర్నాడు నాచేత మిషను వాకిట్లోకి ఈడ్పించింది. అప్పుడు నీకు సిగ్గు. ఇప్పుడు నీకు డబ్బు. రెండుసార్లూ ఆవిడే లోపలికి పోవాలా?"

ఆయన గొంతులో కోపం లేదు. మిషనుకి ఏ మర కావాలో చెబుతున్నట్టు చెప్పాడు.

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు మీరు," అంది కోడలు భర్తతో. గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయింది.

కొడుకు మిషను ముందు కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. గుడ్డపీలిక ఒకటి సూది కిందికి తోసి, కాలితో తొక్కాడు. మోకాలు ఎప్పుడు నెట్టాలో, ఎప్పుడు వదలాలో తెలియలేదు. కుట్టు వంకర తిరిగింది. పీలిక తిప్పి మళ్లీ కుట్టాడు. మళ్లీ వంకరే. అమ్మ ఒంటిచేత్తో కుట్టిన చొక్కాలే కాలేజీకి తొడుక్కున్నాడు. వాటి మీద ఒక్క కుట్టూ వంకర పోలేదు.

అతని భుజాలు కదిలాయి. తండ్రి చూశాడు. దగ్గరికి వెళ్లలేదు.

చాలాసేపటికి కొడుకు లేచి మొహం తుడుచుకున్నాడు.

"నాన్నా, అటుపక్క పట్టుకో."

ఇద్దరూ ఎత్తారు. బరువుగానే ఉంది. గుమ్మం దగ్గర ఆయన చెయ్యి తలుపుకి గీసుకుంది. ఏమీ అనిపించలేదు.

వాకిట్లో దింపాక కొడుకు ఊపి చూశాడు. మిషను ఊగింది.

"కాళ్లు గుంటల్లో పడలేదు," అన్నాడు తండ్రి. "ఇంకొంచెం వీధివైపుకి జరుపు."