మంచం పట్టిన మెరిబన్

ఉదయం ఏడున్నరకి మెరిబన్ ఎండుచేపల బస్తా మోసుకుంటూ షిల్లాంగ్‌లోని జయావ్ వీధి మెట్లు దిగుతోంది. బస్తాకి కట్టిన పట్టీ నుదుటికి ఆనుకుని ఉంది. బరువు ముప్పై కిలోలకి తగ్గదు. మనిషికి యాభై ఎనిమిదేళ్ళు. నోట్లో వక్క, కాళ్ళకి రబ్బరు బూట్లు.

కిందనుంచి ఒక ఆఫీసు బంట్రోతు రొప్పుతూ ఎక్కి వచ్చాడు. చేతిలో ఖాకీ కవరు.

"అక్కా, మెరిబన్ గారిల్లు ఎటు? మంచం పట్టిన ఆవిడ. రెండేళ్ళుగా లేవలేదట, పాపం."

"మెరిబన్ని నేనే."

బంట్రోతు బస్తా వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. కవరు మీది పేరు మళ్ళీ చదువుకున్నాడు.

"ఇంకో మెరిబన్ ఉందేమో ఈ వీధిలో?"

"లేదు. నేనొక్కదాన్నే. ఎవరయ్యా నన్ను మంచం పట్టించింది?"

"ఆగు ఆగు. నువ్వు ఇయ్యూదు సంతలో ఎండుచేపల కొట్టు అక్కవి కదూ! మా ఆవిడ నీ దగ్గరే కొంటుంది." అతను కవరు చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నాడు. "గురువారం పదకొండింటికి మెడికల్ బోర్డు. నడవలేకపోతే స్ట్రెచరు పంపుతారు. ముందుగా చెప్తే చాలు."

అతను నవ్వుతూ దిగిపోయాడు. మెరిబన్ నవ్వలేదు. ఆవిడకి అప్పుడే ఏదో గుర్తొచ్చింది. తల తిప్పి ఇంటి వైపు చూసింది.

గేటు దగ్గర పాలు లేని ఎర్ర టీ కప్పుతో చిన్నకూతురు దరిషా నిలబడి ఉంది. అంతా విన్నది.

దరిషా ఆడవాళ్ళ డాక్టరు. మూడు నెలల క్రితమే గౌహతిలో పెద్ద చదువు ముగించి వచ్చింది. ఆ సీటు ప్రభుత్వం ఇచ్చింది. బదులుగా మూడేళ్ళు ప్రభుత్వం పంపిన ఊళ్ళో పనిచేస్తానని బాండు రాయించుకుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆరోగ్య శాఖ బీరువాలో ఉన్నాయి. మాట తప్పితే అవి రావు. మొదటి జాబితాలో ఆమెకి మావ్‌తిర్నా పడింది. షిల్లాంగ్ నుంచి సుమోలో ఆరు గంటలు, సగం దారి రాళ్ళు. పది రోజుల తర్వాత రెండో జాబితా వచ్చింది. అందులో ఆమె పేరు ఎదురుగా షిల్లాంగ్‌లోనే పెద్దాసుపత్రి ఉంది. అదృష్టం అనుకుంది. స్నేహితులందరికీ మోమోలు తినిపించింది.

ఇప్పుడు అమ్మ చేతిలోని కవరు తీసుకుని చింపి చదివింది. నాలుగు లైన్ల నోటీసు, వెనక దరఖాస్తు నకలు.

"అమ్మా, నీకు వెన్నెముక జబ్బట. రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నావట. నిన్ను చూసుకోవడానికి చిన్నకూతుర్ని తప్ప ఇంకెవర్నీ ఆచారం ఒప్పుకోదట. అందుకే నన్ను ఊళ్ళోనే ఉంచారట. దరఖాస్తు నీదే. కింద నీ సంతకం."

మెరిబన్ బస్తా మెట్టు మీదికి దించింది.

"మీ మావయ్య పెట్టమన్నచోట పెట్టాను. ఇంగ్లీషులో ఉంది. నాకేం తెలుసు?"

"చదివి చెప్పమని అడగలేదా?"

"మా అన్ననా? నా ఇంట్లో మా అన్న మాటని నేను చదివి చూడాలా?"

ఆ ఇంట్లో అది నిజమే. వాళ్ళ ఆచారంలో ఇల్లు చిన్నకూతురిది. అమ్మానాన్నల్ని చూడటం, పెద్దల కర్మలు జరిపించడం, దిక్కులేక తిరిగొచ్చిన తోడబుట్టినవాళ్ళకి ఇంత అన్నం పెట్టడం ఆమె పని. కానీ పెద్ద నిర్ణయం ఏదైనా మేనమామ నోటి నుంచే రావాలి. మెరిబన్ ఆ ఇంటికి నిన్నటి తరం చిన్నకూతురు. దరిషా రేపటిది.

దరిషా గదిలోకి వెళ్ళి ఫోన్ చేసింది. ఎమికా మారక్ ఎత్తింది. గౌహతిలో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నారు.

"ఎమికా, రెండో జాబితాలో నీకేం వచ్చింది?"

"తెలియనట్టు అడుగుతావేంటే? మావ్‌తిర్నా. నీ చోటే." ఎమికా ఒళ్ళో ఎనిమిది నెలల పిల్ల గీపెడుతోంది. "వచ్చే సోమవారం వెళ్ళాలి. అక్కడ పిల్లల డాక్టరు లేడట. దీనికి జ్వరమొస్తే నేనే చూసుకోవాలి. నువ్వు మాత్రం అదృష్టవంతురాలివి!"

ఫోన్ పెట్టేశాక దరిషాకి అర్థమైంది. నిజం దాస్తే పసిపిల్లతో ఎమికా కొండల్లోకి పోతుంది. నిజం చెప్తే అబద్ధానికి సంతకం పెట్టినందుకు అమ్మ దొరికిపోతుంది. ఏమీ చేయకుండా కూర్చుంటే గురువారం బోర్డే కనిపెడుతుంది. అప్పుడు సర్టిఫికెట్లూ పోతాయి, అమ్మ పరువూ పోతుంది.

మధ్యలో మూడు రోజులే ఉన్నాయి.

*

ఆ సాయంత్రం నాలుగింటికి మావయ్య వచ్చాడు. పేరు కిన్‌సాయి. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. గొడుగు మూల పెట్టి, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని, వక్కాకు కోసం చేయి చాచాడు.

ఎవరొచ్చినా ముందు వక్క ఇవ్వాలి. తర్వాతే మాట. శత్రువుకైనా అంతే. దరిషా పళ్ళెం తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

చాచిన చేయి గాల్లోనే ఆగింది.

"అమ్మాయ్," అన్నాడు కిన్‌సాయి నెమ్మదిగా. "ఈ ఇంట్లో ఇదే మొదటిసారి."

"మా అమ్మ మంచం పట్టడమూ ఇదే మొదటిసారి మావయ్యా."

మూలన కోళ్ళకి నూక కలుపుతున్న తండ్రి వాన్‌బోర్ తల ఎత్తాడు. "నేను బయటికి పోనా?" అని అడిగాడు. "ఈ ఇంట్లో ముప్పై ఐదేళ్ళుగా ఇల్లరికం అల్లుణ్ణే కదా, ఇంకా."

"కూర్చో నాన్నా. నువ్వూ వినాలి."

పెద్దకూతురు హామెది వంటగది గుమ్మంలో నిలబడింది. రెండు సందుల కింద అద్దె ఇంట్లో మొగుడూ ఇద్దరు పిల్లలతో ఉంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి, ఇక్కడ వంట చేసి, సాయంత్రం వెళ్తుంది. ఎప్పుడూ వస్తుంది కాబట్టి ఎందుకు వస్తోందని ఎవరూ అడగరు.

"నేను చేసింది తప్పంటావా?" అన్నాడు కిన్‌సాయి. "ఇలాంటి కాగితాలు నా టేబుల్ మీదుగా వేలు పోయాయి. ఎవరూ పైకి తీసి చూడరు. ఈసారి ఎవడో పనిమంతుడు వచ్చి కూర్చున్నాడు. అంతే."

"నా చోట్లో ఎమికా వెళ్తోంది. ఎనిమిది నెలల పిల్లతో."

"ఆ అమ్మాయికీ మావయ్యలుంటారు. వాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళు అబద్ధాలు రాయకపోతేనో?"

"దరీ!" అంది మెరిబన్.

కిన్‌సాయి చేయెత్తి చెల్లెల్ని ఆపాడు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. "చిన్నకూతురు ఇల్లు వదిలి మూడేళ్ళు పోతే పొయ్యి ఎవరిది? రేపు మీ అమ్మకి నిజంగానే ఏమన్నా అయితే? మనవాళ్ళు నన్ను అడుగుతారు. మేనమామవై ఉండి ఇల్లు ఖాళీ చేయించావా అని. వాళ్ళకి నేనేం చెప్పను?"

వంటగది గుమ్మంలోంచి గరిటె కింద పెట్టిన చప్పుడైంది.

"మావయ్యా, నేనొకటి అడగనా?" అంది హామెది.

ఆమె అడగడమే వింత. అందరూ అటు తిరిగారు.

"చెల్లి చదువుకని గౌహతిలో ఎన్నాళ్ళుంది?"

"మూడేళ్ళు."

"ఆ మూడేళ్ళూ ఈ పొయ్యి ఎవరు వెలిగించారు?"

కిన్‌సాయి మూలనున్న గొడుగు వైపు చూశాడు.

"పోయినేడు నాన్నకి నిమోనియా వచ్చినప్పుడు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఎవరు పడుకున్నారు? అమ్మమ్మ కర్మకి మాంసం వేసి జాదో అన్నం ఎవరు వండారు? నలభై మందికి, ఒక్కదాన్నే. అప్పుడు ఇల్లు ఖాళీ అయిందని మీకెవరికీ అనిపించలేదే. మీరంతా వచ్చారు, తిన్నారు, వక్క వేసుకుని వెళ్ళారు." ఆమె గుమ్మం దాటి ముందుకొచ్చింది. "నాకు ఇల్లొద్దు. చెల్లిదే. ఉంచుకోమను. కానీ ఆచారం ఒప్పుకోదని కాగితం మీద రాశారే, నేనేమయ్యాను మావయ్యా? నేను లేనట్టు రాశారు."

హామెది కొంగుతో మొహం తుడుచుకుంది.

దరిషా అక్క వంక చూసింది. మూడేళ్ళలో ఎన్నిసార్లు ఫోన్ చేసింది! 'అమ్మ ఎలా ఉంది, నాన్న ఎలా ఉన్నాడు' అని ప్రతిసారీ అడిగింది. ఆ కబురు చెప్పే మనిషి ఎలా ఉందో ఒక్కసారీ అడగలేదు. పళ్ళెం పక్కన పెట్టి లేచి వెళ్ళి అక్క భుజం చుట్టూ చేయి వేసింది.

"వదులు, మసి అంటుతుంది," అంది హామెది. కానీ కదల్లేదు.

అప్పుడు మెరిబన్ నోరు విప్పింది.

"తప్పు మా అన్నది కాదు. నాదే."

"నీకు చదవడం రాదు కదమ్మా..." అంది హామెది.

"ఏం రాశాడో తెలీదు. ఎందుకు రాశాడో తెలుసు. నేనే అడిగాను, దరిని ఇక్కడే ఉండేలా చూడమని." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు గౌహతిలో కుట్టుపని స్కూల్లో సీటొచ్చింది. ఆరు నెలలు. మా అమ్మ వద్దంది. చిన్నకూతురివి, ఇల్లు విడిచి ఒక్క రాత్రి కూడా పడుకోకూడదంది. సరేనన్నాను. అప్పట్నుంచి పడుకోలేదు. ఒక్క రాత్రి కూడా. ఇది గౌహతి పోయినప్పుడు చదువు కదా అని ఓర్చుకున్నాను. మళ్ళీ మూడేళ్ళనేసరికి... నేను కదల్లేదు కదా, ఇది మాత్రం ఎందుకు కదలాలి అనిపించింది. ఆచారం అన్నాను. ఆచారం కాదు అది. కుళ్ళు."

వాన్‌బోర్ నూక గిన్నె కింద పెట్టాడు. ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఆ సీటు సంగతి ఆయన వినడం ఇదే మొదలు.

*

గురువారం పదకొండింటికి బోర్డు. ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు.

మెరిబన్ గళ్ళ శాలువా కప్పుకుని ఆగకుండా పైకెక్కింది. వెనక దరిషా. ఆ వెనక ఎక్కడో కిన్‌సాయి. రావద్దంటే వినలేదు. రెండో అంతస్తులో మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు.

"నువ్వు రా అన్నా మెల్లగా. స్ట్రెచరు అడగమంటావా?" అని పైనుంచి కేకేసింది మెరిబన్.

గదిలో ముగ్గురు డాక్టర్లున్నారు. మధ్యలో ఉన్న పెద్దావిడ కాగితంలోంచి తలెత్తకుండానే, "పేషెంటు ఎక్కడ?" అంది.

"నేనే. నాకే జబ్బూ లేదు. చదవకుండా సంతకం పెట్టాను. నా కూతురికి ఈ సంగతి తెలీదు. తెలిసిన గంటలో నాతో పోట్లాడింది."

పెద్దావిడ తలెత్తింది. తలుపు దగ్గర కిన్‌సాయి రొప్పుతూ నిలబడ్డాడు.

"రాసింది నేను. హెడ్ క్లర్కుగా చేశాను. కేసు పెడితే నా మీద పెట్టండి. ఆడవాళ్ళని వదిలేయండి."

దరిషా ముందుకొచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. "మినహాయింపు వద్దని రాశాను మేడమ్. మావ్‌తిర్నా నాకే ఇవ్వండి. డాక్టర్ ఎమికా మారక్ మొదటి జాబితాలో వచ్చిన చోటికే వెళ్ళనివ్వండి."

పెద్దావిడ కాగితం చదివి పక్కన పెట్టింది. బల్ల మీది బీపీ మిషను తీసి మెరిబన్ చేతికి చుట్టింది. అంకెలు చూసి తల ఊపింది.

"ఈ గదిలో అందరికన్నా మీ బీపీయే బాగుంది." తర్వాత కిన్‌సాయి వైపు తిరిగింది. "మీరు ఆ కుర్చీలో కూర్చోండి. మీది చూడాలి."

ఆరోజు ఆవిడ రాసింది మూడే మాటలు: 'దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.' దరిషా వారంలోగా మావ్‌తిర్నాలో చేరాలి, ఎమికా మొదటి జాబితాలోని చోట. కిన్‌సాయికి నోటితో చివాట్లు. వాటిని ఆయన నిలబడి, తల వంచుకుని విన్నాడు. బయటికొచ్చాక పెద్దమేనకోడలికి తనే ఫోన్ చేశాడు.

"హామెదీ, రేపు మనవాళ్ళందర్నీ పిలుస్తున్నాను. చెల్లి తిరిగొచ్చేదాకా పొయ్యి నీది. నలుగురి ముందూ చెప్తాను. నీకు ఇష్టమేనా?"

అవతల గరిటె కింద పెట్టిన చప్పుడైంది.

"అడిగారు కదా మావయ్యా. ఇష్టమే."

*

మావ్‌తిర్నా ఆసుపత్రి వెనక రెండు గదుల క్వార్టర్సు ఉన్నాయి. సామాను సర్దిపెట్టి మర్నాడు వెళ్ళిపోతానని మెరిబన్ వెంట వచ్చింది. మర్నాడు వాన పడింది. ఆ తర్వాతి రోజు సుమోలో చోటు లేదు. మూడో రోజు చోటుంది కానీ ఆవిడ అడగలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం దరిషా కాన్పు గదిలోంచి వచ్చేసరికి అమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఎదురుగా కొండ, కింద పోకతోటలు. చేతిలో పనేమీ లేదు. దరిషా అమ్మని అలా ఎప్పుడూ చూడలేదు.

"ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. పొద్దున ఏడింటికి లేచాను."

"అయితే?"

"ఎవరూ లేపలేదు. పొయ్యి నాకోసం చూడలేదు. లేచి, మళ్ళీ పడుకున్నాను."

ఫోన్ మోగింది. హామెది. మెరిబన్ స్పీకరు నొక్కి, ఫోన్ చెవికి కాక నోటికి దగ్గరగా పెట్టుకుని అరిచింది.

"ఇల్లు ఎలా ఉందే?"

"ఉంది. నిన్న నాన్న వండాడు. ఉప్పు కషాయం. మావయ్య రెండుసార్లు వచ్చాడు. నేను వక్క ఇచ్చేదాకా నోరు విప్పలేదు. కొట్లో మీ అల్లుడు కూర్చుంటున్నాడు."

"నేను లేకపోతే ఇబ్బందిగా లేదూ?"

"నిజం చెప్పనా అమ్మా?"

"చెప్పు."

"లేదు. అంతా బాగానే నడుస్తోంది."

మెరిబన్ ఫోన్ దించి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. దరిషా కంగారుగా పక్కన కూర్చుంది. "అమ్మా, అక్క వెక్కిరించడానికి అనలేదు..."

"తెలుసే. ముప్పై తొమ్మిదేళ్ళు నేను లేకపోతే ఆ ఇల్లు కూలిపోతుందనుకున్నాను." ఆవిడ అరచేత్తో కళ్ళు తుడుచుకుని ఫోన్ మళ్ళీ ఎత్తింది. హామెది ఇంకా లైన్లోనే ఉంది. "అమ్మా? ఉన్నావా? ఎప్పుడొస్తావు?"

మెరిబన్ కూతురి వంక చూసింది. తర్వాత కొండ వంక చూసింది.

"ఇంకో వారం ఉంటాను," అంది.