చీర కప్పిన ఫొటో

"నెట్‌లో ఉండాది టీచర్. నెట్ ఎవురిదీ కాదు కదా!"

భరణి గొంతు ఏడో తరగతి గది దాటి వరండా చివరిదాకా వినిపించింది. లూదియా టీచర్ మాత్రం తల ఎత్తలేదు. బల్ల మీద పరిచిన చార్టును చూస్తోంది. చార్టు పైన ఎర్ర అక్షరాలతో "మా ఆళ్లగడ్డ శిల్పులు" అని ఉంది. మధ్యలో పెద్ద రాతి నంది ఫొటో. ఆ ఫొటో కింది అంచు వంకరగా ఉంది.

"ఈడ ఏదో పేరు ఉన్నట్టుండాదే. కత్తిరించినావా?" అని అడిగింది టీచర్.

"అది ఫొటో తీసినాయన పేరు. అందం చెడిపోతాందని తీసేసినా."

తరగతిలో పిల్లలు కిసుక్కున నవ్వారు. భరణి నవ్వలేదు. తప్పు చేసినవాళ్లు కదా తల దించుకోవాలి, తనకేం ఖర్మ అన్నట్టు నిలబడింది.

"పోనీ, ఈ నందిని చెక్కింది మన ఆళ్లగడ్డలోనేనా?"

"ఆళ్లగడ్డ శిల్పం అని కొడితే వచ్చింది టీచర్."

"కొడితే వచ్చేవన్నీ మనూరివైతాయా? మీ నాయనకు చూపించినావా?"

భరణి చూపించలేదు. వాళ్ల నాయన వెంకటయ్య శిల్పి. రోడ్డు పక్కనే వాళ్ల షెడ్డు. అంత దగ్గర ఉన్న మనిషిని వదిలి నెట్‌ను అడిగింది.

"ఎవరో ఎండలో నిలబడి తీసిన ఫొటో ఇది. అడిగితే ఇస్తాడేమో. పేరు కోసేసి వాడుకుంటే ఊరుకుంటాడా? ఎవరైనా వాడుకోండి అని రాసిపెట్టిన ఫొటోలు కూడా నెట్‌లో ఉంటాయి. అవి వెతుక్కో. కింద వాళ్ల పేరు రాయి. లేదంటే నువ్వే తియ్యి. ఈ చార్టు మాత్రం నంద్యాలకు పోదు" అంది టీచర్.

పోదు! ఆ మాట భరణికి సూదిలా గుచ్చుకుంది.

పోయిన ఏడాది నంద్యాలలో జిల్లా ప్రదర్శన జరిగింది. భరణి ఊరికే చూడ్డానికి వెళ్లింది. అక్కడ నరేశ్ అనే పిల్లవాడు, "ఆళ్లగడ్డనా? అహోబిలం పోయేటప్పుడు బస్సు మారే ఊరు కదా?" అన్నాడు. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. ఆ రోజే భరణి లోపల్లోపల శపథం చేసింది. వచ్చే ఏడాది మా ఊరంటే ఏందో వీళ్లకు చూపిస్తా అనుకుంది. ఇప్పుడు బడి నుంచి ఒక్క చార్టే నంద్యాలకు పోతుంది. అది తనదే కావాలి.

"అందరూ నెట్‌లో నుంచే తీస్తాండారు. నేను తీస్తేనే తప్పా?" అని గొణుక్కుంటూ మధ్యాహ్నం బెల్లుకు ఇంటికి నడిచింది. భరణి పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు చేతిలో పెట్టినా లెక్కలోకి తీసుకోదు.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఉలి చప్పుడు లేదు. నాయన భోజనానికి వెళ్లాడు. రాతి దుమ్ము మీద పొద్దుటి అడుగులు అలాగే ఉన్నాయి. మూలన పెద్దమ్మ తల్లి విగ్రహం ఉంది. కోయిలకుంట్ల అవతల ఒక పల్లెవాళ్లు చేయించుకుంటున్న గ్రామదేవత. తల మీద నుంచి పాదాల దాకా పాత ఎర్ర చీర కప్పి ఉంది.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. వాళ్ల తాత కాలం నుంచీ ఉంది. విగ్రహం మొత్తం చెక్కి, కళ్లు మాత్రం ఆఖరుకు ఉంచుతారు. చేయించుకున్నవాళ్లు వచ్చి ఎదురుగా నిలబడితే, అప్పుడు ఉలితో కళ్లు తెరుస్తారు. అందాకా చెక్కే మనిషి తప్ప ఎవరూ ఆ మొహం చూడకూడదు. ఈ సంగతి భరణికి నడక రాకముందే తెలుసు.

తెలిసే, చీర ఎత్తింది.

మొహం ఎంత బాగుందో! పెదవుల దగ్గర చిన్న నవ్వు, ముక్కున బేసరి, కళ్ల చోట మాత్రం నున్నటి రాయి. భరణి, నాయన షెడ్డులో వదిలిపోయిన ఫోను అందుకుని టక్కున ఫొటో తీసింది.

"మా నాయన చెక్కినాడు. నేను తీసినా. ఇంగ ఎవుర్ని అడగాల?" అని గట్టిగానే అనుకుంది. బడి గ్రూపులో ఆ ఫొటో పెట్టి, "టీచర్, ఇది నేనే తీసినా. ఇప్పుడేమంటారు?" అని రాసింది.

కాసేపటికి టీచర్ జవాబు వచ్చింది. "బాగుంది. నాయనను అడిగినావా?"

భరణి ఫోను బోర్లించి పెట్టేసింది.

సాయంత్రం ఫోను మోగింది. వెంకటయ్య చేతులు దులుపుకొని ఎత్తాడు. అవతలి మనిషి అరుపులు భరణి దాకా వినిపిస్తున్నాయి. నాయన మాత్రం "ఊఁ" అంటున్నాడు, "తప్పయింది అప్పా" అంటున్నాడు.

జరిగింది ఇదీ. గ్రూపులో ఫొటో చూసిన తోటి పిల్ల సుష్మ వాళ్లమ్మ ముచ్చటపడి, తన తమ్ముడికి పంపింది. ఆ తమ్ముడి ఊరే ఆ పల్లె. పొద్దు గూకేలోగా ఊరంతా పెద్దమ్మ మొహం చూసేసింది. అదీ కళ్లు లేని మొహం.

వెంకటయ్య కేకలు వేయలేదు. వేసినా బాగుండేది.

"చీర ఎందుకు ఎత్తినావు?"

"నువ్వు చేసిన బొమ్మే కదా నాయనా. మనదే కదా!"

"చెక్కిన పని నాది. మొగం వాళ్లది. వాళ్లు చూడకముందే నేనే ఎవురికీ చూపియ్యను."

"ఫొటో నాది కదా మరి?"

"నీది నొక్కిన ఏలు. అంతే."

ఆ రాత్రి భరణి అన్నం సరిగా తినలేదు. అయినా లోపల రోషం తగ్గలేదు. ఒక ఫొటోకు ఇంత గొడవా అనిపించింది.

తెల్లారి మొదటి బస్సుకు ఆ ఊరి నుంచి రామసుబ్బమ్మ దిగింది. ముసలావిడ. విగ్రహం చేయించాలని ఊరినంతా ఒప్పించింది ఆమే. వస్తూనే షెడ్డు ముందు కూర్చుంది.

"ఎవురు ఆ ఫొటో తీసింది?"

"నేనే" అంది భరణి. అబద్ధం చెప్పే అలవాటు మాత్రం లేదు ఆ పిల్లకు.

"మా అమ్మ మొగం మాకంటే ముందర మీ కిలాసు చూసిందా?"

భరణి గడ్డం పైకెత్తింది. "ఇప్పుడు మీరూ చూసినారు కదా అవ్వా. బాగుండాది కదా!"

"నేను చూడలే."

"మీ ఊరంతా చూసిందంట కదా?"

"ఊరు చూసింది. మనవడు ఫోను తెచ్చి నా మొగం ముందర పెట్టినాడు. నేను కండ్లు గట్టిగా మూసుకున్నా. ఆయమ్మ కండ్లు తెరిచినప్పుడే నేనూ చూస్తానని మొక్కుకున్నా. మొగం చెక్కకముందే నా పెండ్లి చీర కప్పి పోయింది అందుకే. ఆ చీర ఎత్తేముందు నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

భరణి మూలన ఉన్న ఎర్ర చీర వైపు చూసింది. ఇన్నాళ్లూ దాన్ని ఏదో పాత గుడ్డ అనుకుంది. ఇంత పెద్దావిడ ఫోను ముందు కళ్లు గట్టిగా మూసుకుని కూర్చోవడం తలుచుకునేసరికి, పైకెత్తిన గడ్డం దానంతట అదే దిగింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"తప్పు చేసినా అవ్వా. నేను నంద్యాలకు పోను. చార్టూ వద్దు, ఏమీ వద్దు."

"నంద్యాలలో ఏముండాది?"

భరణి ముక్కు చీదుకుంటూ అంతా చెప్పింది. బస్సు మారే ఊరన్న మాట కూడా చెప్పింది. రామసుబ్బమ్మ మొహం ఎర్రబడింది.

"ఎవుడు వాడు? ఆళ్లగడ్డ రాయి లేకుంటే ఎన్ని గుళ్లు బోసిపోతాయో తెలుసా వానికి? పోకుంటే ఎట్లా? పో. పొయ్యి చూపియ్యి."

"ఏం చూపియ్యాల అవ్వా? మొగం చూపిచ్చేదానికి లేదు కదా."

ఆ మాట అన్నాక భరణి చీర వైపు చూసింది, నాయన చేతుల వైపు చూసింది. దుమ్ముతో తెల్లబడ్డ చేతులు, వేళ్ల మధ్య చిన్న ఉలి.

"అవ్వా, చీర కప్పినట్టే ఒక ఫొటో తీసుకునేదా? మొగం రాదు. నంద్యాలలో చార్టు మీద పెడతా. నీ పేరు రాస్తా."

"నా చీరనా? అంచున చిరుగుండాది, అది కనపడకుండా తియ్యి."

"నాయనా, నీ చేతులు?"

"ముందు కడుక్కోనీ" అన్నాడు వెంకటయ్య.

"వద్దు నాయనా. దుమ్ముతోనే."

"తీసుకో పో" అని నవ్వేశాడు.

ఆ ఫొటో తీశాక భరణి సుష్మ ఇంటికి పరిగెత్తింది. తర్వాత గ్రూపులో ఉన్న ఒక్కొక్కరి ఇంటికీ తిరిగింది. "నేను అడక్కుండా తీసినా. దయచేసి తుడిచేయండి" అని చెప్పింది. కొందరు వెంటనే తుడిచేశారు. కొందరు విసుక్కున్నారు. ఎన్ని ఇళ్లు తిరిగినా, ఆ ఫొటో ఇంకా ఎవరెవరి ఫోనులో ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. ఒకసారి వదిలింది మళ్లీ చేతికి రాదని ఆ పూట కాళ్ల నొప్పులతో తెలిసింది.

శనివారం నంద్యాలలో ప్రదర్శన. బడి నుంచి లూదియా టీచర్ భరణి కొత్త చార్టునే పంపింది. హాలంతా రంగురంగుల చార్టులు. ఒకే తాజ్‌మహల్ ఫొటో మూడు చార్టుల మీద కనిపించింది. భరణి చార్టు పైభాగాన జిల్లా మ్యాపు ఉంది. అందరూ వాడుకోవచ్చని గీసినవాళ్లే రాసిపెట్టిన మ్యాపు. కింద వాళ్ల పేరు ఉంది. మధ్యలో ఎర్ర చీర కప్పిన విగ్రహం, దాని ముందు దుమ్ము చేతులు, ఉలి. దాని కింద ఇలా ఉంది: "ఈ తల్లి ఇంకా కళ్లు తెరవలేదు. శిల్పి: వెంకటయ్య. చీర: రామసుబ్బమ్మ. ఫొటో: భరణి. ఇద్దరినీ అడిగి తీసింది."

మార్కులు వేసే సారు వచ్చి కళ్లజోడు సర్దుకున్నాడు.

"శిల్పాల మీద చార్టు వేసి శిల్పమే చూపించలేదేమ్మా?"

"చీర కింద ఉండాది సార్."

"చీర తీసి కూడా ఒక ఫొటో తీసుంటావు కదా. చూపించు."

"తీసినా సార్, అడక్కుండా. తుడిచేసినా. ఉన్నా చూపియ్యను."

"మార్కులు తగ్గుతాయేమో మరి?"

"తగ్గించుకోండి సార్."

వెనక లూదియా టీచర్ దగ్గింది. సారు భరణిని ఒకసారి, ఫొటోను ఒకసారి చూశాడు. ఏదో రాసుకుని ముందుకు కదిలాడు. ఎంత వేశాడో భరణి తొంగి చూడలేదు.

అప్పటికే ఆ చార్టు ముందు గుంపు చేరింది. తాజ్‌మహల్ దగ్గర ఎవరూ లేరు. "మొహం ఎట్లుంటుంది?" "కళ్లు ఎప్పుడు తెరుస్తారు?" అని పిల్లలు ఒకటే ప్రశ్నలు. ఆ గుంపులో నరేశ్ కూడా ఉన్నాడు. వాడు ఆ ఎర్ర చీర మీద నుంచి చూపు తిప్పడం లేదు.

"కళ్లు తెరిచే రోజు నేనూ రావచ్చా?" అని అడిగాడు.

"రా" అనబోయింది భరణి. మాట నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకుని, టీచర్ ఫోను అడిగి తీసుకుని, స్పీకరు పెట్టి రామసుబ్బమ్మకు చేసింది.

"అవ్వా, నేను భరణిని. కండ్లు తెరిచే పొద్దు నంద్యాల పిల్లోడొకడు వస్తాడంట. రమ్మనేదా?"

"ఎవురు? బస్సు మారే ఊరన్నోడేనా?"

"వాడే అవ్వా."

నరేశ్ చెవులు ఎర్రబడ్డాయి.

"రమ్మను" అంది రామసుబ్బమ్మ. "ఆళ్లగడ్డలో దిగమను."