ఆమె చాటు రాయి

నడిచిపోయేవాళ్లతో పేచీ లేదు, అనుకుంటున్నాడు ఓంకార్. మనిషి రెండడుగులు జరిగితే అంతవరకూ అతను దాచిన చోటు బయటపడుతుంది. ఆ ముక్కను తెచ్చి అతికిస్తే మనిషి మాయం. నిలబడిపోయినవాళ్లతోనే కష్టం. వాళ్ల చాటున ఏముందో ఎవరికీ తెలియదు.

తెరమీది అమ్మాయి తొమ్మిది సెకన్లు కదల్లేదు. రెండు వందల పదహారు ఫ్రేములు.

సినిమా కథ 1972లో జరుగుతుంది. ఆ కాలానికి చెందనివాటిని చెరిపెయ్యడం హైటెక్ సిటీ గ్రాఫిక్స్ ఆఫీసులో ఓంకార్ ఉద్యోగం. ఈ షాట్‌లో పాత లారీ ఒకటి బండరాళ్ల మధ్య మట్టిరోడ్డు మీద పోతుంది. వెనకనున్న అద్దాల టవర్లను, రెండు క్రేన్లను తీసేశాడు. మిగిలింది ఆ అమ్మాయి. జీన్స్, ల్యాప్‌టాప్ బ్యాగు. కెమెరాకు వీపు పెట్టి, పెద్ద బండకు ఎదురుగా నిలబడి ఉంది.

ఆమె చాటు రాతిని ఊహించి గీయొచ్చు. కానీ శ్రావణి పట్టేస్తుంది. సినిమాలో కాలానికి తగనివి వెతికి జాబితా రాసే కడప అమ్మాయి ఆమె. రెండు నెలల కిందట మొదటిసారి అతని సీటు దగ్గరికి వచ్చినప్పుడు పేరైనా చెప్పలేదు.

"ఏమబ్బా, డెబ్భై రెండులో కూరగాయలమ్మే అవ్వ ఐబ్రోస్ చేయించుకున్నాదా?"

ఆ అవ్వ కనుబొమలను వెంట్రుక వెంట్రుకగా గీసి ఒత్తుగా చేయడానికి అతనికి రెండు రోజులు పట్టింది. అప్పట్నుంచీ శ్రావణి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాడు. వచ్చాక మాత్రం తెరమీద నుంచి కళ్లు తిప్పడు.

అసలు చిక్కు వేరే ఉంది. తెరమీది అమ్మాయి శ్రావణే. నీ చాటున ఏముందని అడగడమంటే, వెనక నుంచి కూడా నిన్ను గుర్తుపడతానని చెప్పడమే. నవ్వితే? అసలు రావడమే మానేస్తే? నాలుగు రోజులుగా అడగలేకపోయాడు. షాట్ ఇవాళ ఐదింటికి వెళ్లాలి. ఇప్పుడు నాలుగుంబావు.

"ఆ పిల్ల ఇంకా ఆడనే ఉండాదే!"

శ్రావణి వెనకే నిలబడి ఉంది.

"జర టైమ్ కావాలె."

"అన్ని టవర్లు తీసినారు, ఒక పిల్లను తీసేకి నాలుగు దినాలా?"

"టవర్ల చాటుకు ఆకాశం పెట్టిన. ఈమె చాటుకు ఏమున్నదో తెల్వదు. మళ్ల పొయి ఫొటో తీద్దమంటే ఆ బండనే లేదు. పోయిన నెల పేల్చేసిన్రు."

"లేదా?" ఆమె గొంతు తగ్గింది. తెర మీదికి వంగింది. "ఎవురు ఈమె? షూటింగ్ జరుగుతాంటే కొంచెమన్నా తెలివి ఉండొద్దా?"

ఓంకార్ పెన్ను కింద పెట్టాడు. "ఆమెనే అడగాలె. ఆమె దాచిన రాయిని చూసింది ఆమె ఒక్కతే."

"అయితే అడగండి."

"అడుగుతున్న."

శ్రావణి తెరను చూసింది, తన బ్యాగును చూసుకుంది.

"ఇట్లాంటి బ్యాగు ఈ రోడ్డులో వెయ్యి మందికి ఉంటాది. వెనక నుంచి ఎట్ల కనుక్కున్నారు?"

"ఎడమ కాలు మీద బరువేసి నిలబడ్తరు. కాఫీ మెషీన్ కాడ గూడ గట్లనే."

"మీరు నన్ను ఎప్పుడూ చూడరు కదా!"

"సినిమాల చీకటి సీన్ వస్తే స్క్రీన్ అద్దం లెక్క అయితది, అండ్ల కనబడ్తరు."

ఆమె నవ్వలేదు. తెరమీది తన వీపును చూస్తూ చెప్పింది.

"షూటింగ్‌కు పెట్టిన మైలురాయి సరిచూసేకి పోయినా. లారీ వస్తాంది జరగమని అరిచినారంట, నాకు వినపళ్లేదు. కెమెరాలో పడినానని ఇప్పుడే తెలుస్తాంది. నా ముఖం ఎత్తున ఒక నెర్రె ఉండె. చేయి పెడితే, అంత ఎండలోనూ లోపల చల్లగా ఉండె. ఆ రాళ్లకు రెండొందల యాభై కోట్ల ఏండ్లని లొకేషన్ రిపోర్ట్‌లో నేనే రాసినా. రాసినప్పుడు అది ఒట్టి అంకె. చేయి పెట్టినాక భయమేసింది. ఇది ఏ సంవత్సరమో కూడా కాసేపు గుర్తుకు రాలేదు."

ఓంకార్ గీయడం మొదలుపెట్టాడు. నెర్రె పెరుగుతుంటే బ్యాగు పోయింది, భుజం పోయింది, జడ పోయింది. నాలుగు రోజులు ఆమెనే చూస్తూ, ఆమె కళ్లముందు ఏముందో ఒక్కసారీ ఆలోచించలేదని అతనికి ఇప్పుడు తట్టింది.

రాతిని ఆనుకున్న ఆమె అరచెయ్యి ఒక్కటే మిగిలింది.

"ఆడ సీతాఫలం మొలక ఉండె," అంది. "మట్టి లేదు, నీళ్లు లేవు. నాలుగాకులు."

మూడాకులు గీసి పెన్ను ఆపాడు. "ఇది మొన్న మొలిచింది గద. డెబ్భై రెండుల ఉండదు. మీ లిస్టు ప్రకారం తప్పు."

శ్రావణి ఆ మూడాకులను చూసింది.

"లిస్టులో రాయను."

"మీరా?"

"నా కరెక్షన్లు సగం మెయిల్‌లో పంపొచ్చు. ప్రతిదానికీ రెండంతస్తులు దిగి వస్తాండానే, ఎందుకనుకున్నారు?"

అతను పక్కనున్న ఖాళీ కుర్చీని లాగి తన కుర్చీకి ఆనించాడు. ఆమె కూర్చున్నాక, ఆ అరచెయ్యి ఉన్నచోట నాలుగో ఆకు గీశాడు.