పోర్టర్ నంబర్ పదకొండు

చీఫ్ టేబుల్ మీద రెండు వేషాలున్నాయి. ఒకటి బూడిదరంగు సూటు, రెండోది ఎర్రచొక్కా, పదకొండో నంబరు ఇత్తడి బిళ్ళ. సూటు జూనియర్ చేతికి వెళ్ళగానే గూఢచారి డేగకు కడుపు మండింది. పదహారేళ్ళ సర్వీసు, భుజాన రెండు బుల్లెట్ మచ్చలు ఉండి, ఆఖరికి పోర్టర్ వేషమా? పైగా ఆ సూటులో కూర్చోవలసింది కోకిల పక్కన. విదేశీ ముఠాలో ఉంటూ ఇటు రహస్యాలు మోసే అందగత్తె ఆమె. ఆఫీసులో జూనియర్‌ని 'పెళ్ళికొడుకు' అనేవారు. ఇప్పుడు డేగకు ఆ పేరు కూడా గిట్టలేదు.

"శుక్రవారం పన్నెండింటికి రైల్వే వెయిటింగ్ హాల్లో బాంబు. కబురు కోకిలది," అన్నాడు చీఫ్. "లోపలికి వెళ్ళగానే తలుపులు లెక్కపెట్టండి. ముఖాలు కాదు, చేతులు చూడండి."

డేగ మూడు రోజులు నిజంగానే సామాన్లు మోశాడు. హాలుకు మూడు తలుపులు. ఎప్పుడూ తాళం వేసి ఉండే పడమటి తలుపు తాళంచెవి స్టేషన్ మాస్టర్ని అడిగి జేబులో వేసుకున్నాడు. శుక్రవారం ఉదయం దంపతుల వేషంలో దిగిన కోకిల, పెళ్ళికొడుకుల నీలం సూట్‌కేసు మోసింది కూడా అతనే. అందులో ఉన్నది ఒక జత బట్టలే, చిటికెనవేలితో లేపవచ్చు.

పదకొండూ యాభై రెండు. హాల్లో రెండు వందల మంది. పెళ్ళికొడుకు కోటులో దాచిన మైకు ద్వారా, డేగ చెవిలోని రిసీవర్‌లో కోకిల గొంతు వినిపించింది. "నువ్వు పక్కనుంటే నాకు భయం లేదు."

రెండేళ్ళ కిందట ఇదే మాట, ఇదే గొంతుతో, తనతో అంది. పెళ్ళికొడుకు నవ్వుతున్నాడు. డేగ ఇక జనాన్ని చూడటం మానేశాడు. ఆమె చెయ్యి వాడి చేతి మీద పడుతుందా లేదా, అదొక్కటే చూస్తున్నాడు.

ఆ చెయ్యి సూట్‌కేసు మీద పడింది. బెంచీ కిందికి జరపబోతే మణికట్టు నరాలు ఉబ్బాయి. ఉదయం చిటికెనవేలితో లేచిన పెట్టె ఇప్పుడు కదలనంటోంది! ఎవరో పెట్టె మార్చేశారు. కోకిల మొహం కడుక్కొస్తానని లేచింది. అంటే మార్చింది ఆమే, ఆ కబురు తమను ఇక్కడికి రప్పించే వల.

"పెళ్ళికొడుకూ, ఆమెను వదలకు. పెట్టె నాది," అన్నాడు డేగ మైకులో.

పడమటి తలుపు తెరిచి, పెట్టె భుజానికెత్తుకుని పరుగెత్తాడు. పట్టాల అవతల పాడుబడిన బొగ్గు గొయ్యిలోకి విసిరి, గట్టు వెనక బోర్లా పడ్డాడు. భూమి అదిరింది. స్టేషన్ అద్దాలు పగిలాయి, మనుషులెవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు పేపర్లో ఫోటో పెళ్ళికొడుకుది, పక్కన బేడీలతో కోకిల.

"ఎలా పట్టావు?" అడిగాడు చీఫ్.

"చేతులు చూడమన్నారుగా సార్."

"అందరి చేతులూ చూడమన్నాను. నువ్వు ఒక్క చెయ్యే చూశావు. బాంబు మరొకడి చేతిలో ఉండుంటే రెండు వందల శవాలు లేచేవి."

డేగ తల దించుకున్నాడు. ఆ లెక్కే ముందురాత్రంతా అతన్ని నిద్రపోనివ్వలేదు. చీఫ్ కొత్త మిషన్ ఫైలూ, నల్ల సూటూ ముందుకు తోశాడు. డేగ సూటు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఈసారి పెళ్ళికొడుక్కి ఏ వేషం ఇచ్చారు సార్?"