మెడ చాలని ఏనుగు

“నువ్వు చేసిన తల పెద్దదైపోయింది!” అంది పవిత్ర.

“కాదు, నువ్వు కుట్టిన ఒళ్ళు చిన్నదైపోయింది!” అన్నాడు రవిచంద్ర.

ఇద్దరి మధ్యా బల్ల మీద ఏనుగు రెండు ముక్కలుగా పడి ఉంది. గంటలో నాటకం.

తిరుపతిలో ఆ పిల్లల నాటక బృందానికి దుస్తులు కుట్టేది పవిత్ర. కాగితం గుజ్జుతో తలలు, ముఖాలు చేసి చంద్రగిరి నుంచి పంపేది రవిచంద్ర. ఇన్నాళ్ళూ రూపాయి బిళ్ళ ఫోన్‌లో మాటలే తప్ప ఎదురెదురుగా నిలబడడం ఇదే మొదలు. పని మాట అయిపోయినా ఫోన్ పెట్టని ఆ గొంతంటే పవిత్రకు ఎంత ఇష్టమో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈరోజు నాయన తిరుమలయ్య పల్లె నుంచి వస్తున్నాడు. కూతురి పని బాగుంటే ఇక్కడ ఉండనిస్తాడు. లేకుంటే ఈ రాత్రి బస్సుకే ఇంటికి పిలుచుకుపోతాడు.

“మెడ చుట్టూ ఐదు జానలని ఫోన్‌లో నువ్వే గదా సెప్పినావు? ఐదే కత్తిరించినాను.”

“ఎవురి జాన?”

“నాదే.”

“నేను సెప్పింది నా జాన తల్లీ! ఏదీ, చెయ్యి సాపు.”

ఆమె అరచేతికి తన అరచేయి ఆనించాడు. ఆమె వేళ్ళు అతని వేళ్ళ పై కణుపు దాకా కూడా రాలేదు. కొలత తేలిపోయినా చేతులు మాత్రం విడివడలేదు.

“సూసినావు గదా, ఇంక తియ్యి” అంది పవిత్ర, తన చెయ్యి తియ్యకుండానే.

మెడకు అతుకు వెయ్యాలి. బూడిద రంగు గుడ్డ పేలిక కూడా మిగల్లేదు. బజారుకు పోయివచ్చే వ్యవధి లేదు. గదంతా వెతికిన పవిత్ర చూపు రవిచంద్ర చొక్కా మీద ఆగింది. అచ్చం బూడిద రంగు!

“అట్ల సూడొద్దు. కొత్త సొక్కా. నిన్ను సూడను వస్తా ఉండానని వేసుకున్నాను.”

పవిత్ర చెవులు వెచ్చబడ్డాయి. అయినా కత్తెర అందుకుంది.

“నన్ను సూసేసినావు గదా. ఇంక ఇప్పు!”

మిషను గడగడలాడింది. “ఈడ పట్టుకో.” “ఆడ వదులు.” చివరి కుట్టు పడేసరికి గుమ్మంలో తిరుమలయ్య నిలబడి ఉన్నాడు.

“ఎవురమ్మా ఈ అబ్బి? సొక్కా యాడ?”

బనీనుతో ఉన్న రవిచంద్ర బిగుసుకుపోయాడు.

“ఏనుగు మెడలో ఉండాది నాయనా!”

ఆయన నోరు తెరిచేలోగా గంట మోగింది.

తెర లేచింది. ఏనుగు తొండం ఊపుకుంటూ వచ్చింది. గిరగిరా తిరిగింది. మెడ చెక్కుచెదరలేదు. పిల్లల కేకలకు హాలు హోరెత్తిపోయింది. పక్క నుంచి చూస్తున్న పవిత్రకు, అందరికంటే ముందు లేచి చప్పట్లు కొడుతున్న నాయన కనిపించాడు.

నాటకం కాగానే ఆయన నేరుగా లోపలికి వచ్చాడు.

“ఇంత పని సేస్తా ఉండావని నాకేం తెలుసమ్మా! ఈడనే ఉండు.” తర్వాత రవిచంద్ర వైపు తిరిగాడు. “మీది ఏ ఊరప్పా? మీ నాయన పేరేంది?”

ఆడపిల్ల తండ్రి ఆ ప్రశ్న ఊరికే అడగడు.

“ఆగు నాయనా, ముందు నేను అడగల్ల.” నాయన ముందు ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్ల తలెత్తింది. “రవీ, నేనంటే నీకు ఇష్టమేనా?”

రవిచంద్ర తిరుమలయ్య వైపు చూసి ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాడు. “మాది చంద్రగిరి. మా నాయన ఏకాంబరం, మా అమ్మ యశోదమ్మ, మా జేజి దేవకమ్మ...”

“అది కాదప్పా. నా కూతురు అడిగిందానికి సెప్పు.”

“దానికే గదా మామా సెప్తా ఉండేది!”

అనేసి నాలుక కరుచుకున్నాడు రవిచంద్ర. ఆ పిలుపుకు ముందుగా నవ్వింది తిరుమలయ్యే.